ఎడంచేతి కటింగు

ఆ మనిషి దుకాణంలోకి అడుగుపెట్టేసరికి పదకొండు దాటింది. ఆఫీసులకు పోయేవాళ్ళు గడ్డాలు గీయించుకుని వెళ్ళిపోయారు. కత్తెరయ్య గుమ్మం పక్కన నిలబడి తోలుపట్టీ మీద కత్తి నూరుకుంటున్నాడు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ముప్ఫై ఏళ్ళుగా వీధి వీధంతా కత్తెరయ్య అనే పిలుస్తోంది. ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే వస్తాయి.

వచ్చినవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. తల గుమ్మానికి తగిలేంత పొడుగు. చంకలో కర్ర. ఎడమ మోకాలి కింద పిండికట్టు. జుట్టు చెవుల మీద పడుతోంది. లోపలికి వచ్చి కూడా కూర్చోకుండా గోడల వంకా, అద్దం వంకా, సీసాల వంకా ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

"కటింగా, గడ్డమా?" అన్నాడు కత్తెరయ్య.

"కటింగే."

"రా, కూర్చో. ఆ కర్ర ఇలా ఇవ్వు. కాలికేమైంది?"

"పడ్డాను."

అంతకు మించి చెప్పలేదు. చెప్పనివాణ్ణి అడగడం కత్తెరయ్యకూ అలవాటు తప్పింది. ఒకప్పుడు కుర్చీలో కూర్చున్నవాడి ఏడు తరాల చరిత్ర లాగితే గానీ లేవనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన నోరు విప్పడు. విప్పితే ఎదుటివాడు కొడుకు సంగతి ఎత్తుతాడేమోనని భయం.

కొడుకు చిన్నాడు పోయి ఏడు వారాలైంది. తెల్ల దుస్తుల్లో ఇద్దరు నేవీ మనుషులు వచ్చి ఒక కాగితం ఇచ్చి, టోపీలు తీసి, మేడమెట్ల దగ్గర కాసేపు నిలబడి వెళ్ళారు. యుద్ధంలో ఓడ మునిగింది. బాయిలర్ గదిలో ఉన్న పద్నాలుగు మందిలో చిన్నాడు ఒకడు. శరీరం దొరకలేదు. ఏం చెయ్యాలో, ఎటు చూసి ఏడవాలో తెలియక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ పూట వంటగదిలో నేల మీద కూర్చుండిపోయారు. మర్నాడు ఆయన దుకాణం తెరిచాడు. ఆవిడ మేడ మీద మిషను ముందు కూర్చుని చొక్కాల కంపెనీకి కాలర్లు కుట్టింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఉప్పూ పప్పూ గురించిన మాటలే గానీ వాడి పేరు రాలేదు.

కత్తెరయ్య తెల్లగుడ్డ దులిపి ఆ పొడుగుమనిషి మెడకు కట్టాడు. జుట్టు మీద నీళ్ళు చల్లాడు. దువ్వెనతో ఎడమచెవి వెనక జుట్టు పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

చెవి వెనక మూడు మెట్లున్నాయి. మామూలు మంగలి అక్కడ రెండు కోతలతో సరిపెడతాడు. మూడు మెట్లు కత్తెరయ్య తండ్రి పద్ధతి. ఆయన దగ్గర కత్తెరయ్య నేర్చుకున్నాడు. కత్తెరయ్య ఇంకొక్కడికే నేర్పాడు. పైగా ఈ మెట్లు తిరగబడి ఉన్నాయి. కుడిచేత్తో కత్తిరిస్తే వెంట్రుకల కొసలు ముందుకు వాలుతాయి. ఇవి వెనక్కి వాలాయి. జుట్టు రెండు వేళ్ళు పెరిగినా ఆ వాలు పోలేదు.

చిన్నాడిది ఎడంచేతివాటం. ఆ వాటాన్ని మాన్పించడానికి కత్తెరయ్య పడని పాట్లు లేవు. పదేళ్ళప్పుడు వాడి ఎడంచేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసి కుడిచేత్తో దువ్వెన పట్టించాడు. వాడు ఏడుస్తూనే పట్టేవాడు. తండ్రి అటు తిరగ్గానే చెయ్యి మార్చేసేవాడు. పద్దెనిమిదో ఏట ఒకరోజు దుకాణం నిండా జనం ఉండగా ఒకాయన చెవికి వాడి కత్తెర మొన తగిలింది. ఆవగింజంత రక్తం. కత్తెరయ్యకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేతికి తల అప్పగించేవాడు ఈ భూమ్మీద పుట్టలేదురా!" అని అందరి ముందూ అరిచాడు. వాడు నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే నేవీలో చేరాడు.

"ఈ కటింగు ఎక్కడ చేయించుకున్నావు బాబూ?" కత్తెరయ్య గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

అద్దంలో కనిపిస్తున్న కుర్రాడి కళ్ళు కిందికి వాలాయి. "ఓడలో, బాబాయ్."

"చేసినవాడిది ఎడంచెయ్యి."

"అవును."

కత్తెరయ్య దువ్వెనను జేబులో పెట్టుకోబోయి బల్ల మీది టీగ్లాసులో పెట్టాడు. మేడమెట్ల దగ్గరికి వెళ్ళి పైకి చూసి పిలిచాడు.

"ఇదిగో, ఒకసారి కిందికి రా."

"పనిలో ఉన్నా. ఏంటో అక్కణ్ణుంచే చెప్పు."

"రమ్మంటున్నాగా!"

ఆవిడ మెడలో కొలతల టేపుతో, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగుతో విసుక్కుంటూ దిగింది. కత్తెరయ్య ఆ కుర్రాడి చెవి వెనక జుట్టు ఎత్తి చూపించాడు. ఆవిడ వంగి చూసింది.

"ఏంటి, పేలా?"

"కాదే. ఇది చిన్నాడి చెయ్యి."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. మొగుడి ముఖం చూసింది, మళ్ళీ జుట్టు చూసింది. తొడుగు తీసేసి ఆ మెట్ల మీద వేలితో రాసింది, కుట్టు సరిగా పడిందో లేదో తడిమి చూసుకున్నట్టు. కుర్చీలో ఉన్నవాడి భుజాలు గుడ్డ కింద కదలడం మొదలెట్టాయి. చేతులు గుడ్డలోపల చిక్కుకుపోయి కళ్ళు తుడుచుకోవడానికి కూడా వాడికి వీలు కాలేదు. ఆవిడే కొంగుతో తుడిచింది.

"నువ్వు నిచ్చెనవి కదూ?" అంది.

చిన్నాడు ఉత్తరాల్లో రాసేవాడు, పక్క బెర్తులో నిచ్చెన అని ఒకడున్నాడని, వాడు నిద్రలో కాళ్ళు చాపితే ఓడ బారెడు పొడుగవుతుందని.

"నేనేనమ్మా. ఆస్పత్రి నుంచి వస్తున్నా. నాలుగుసార్లు ఈ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయాను. ఏమని చెప్పను మీకు? ఊరికే కటింగు చేయించుకుని, మిమ్మల్ని చూసి వెళ్ళిపోదామనుకున్నా."

కత్తెరయ్య దుకాణం తలుపు దగ్గరగా వేశాడు. ఆవిడ టీ కాచి తెచ్చింది. కుర్రాడు మెడకు గుడ్డతోనే, తడిజుట్టుతోనే చెప్పుకొచ్చాడు.

ఓడలో ఉన్న మంగలి జబ్బు చేసి ఏదో రేవులో దిగిపోయాడట. ఆ తర్వాత అందరి జుట్టూ పిచ్చుకగూళ్ళయ్యాయి. ఒకరోజు డెక్కు మీద చిన్నాడు నిచ్చెనను తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చోబెట్టి, వంటవాడి దగ్గర కత్తెర అడిగి తెచ్చి పని మొదలెట్టాడు. సాయంత్రానికి పదకొండు మంది వరసలో నిలబడ్డారు. నెలకల్లా ఓడంతా వాడి చేతికిందికే వచ్చింది. కాప్టెన్ కూడా తన గదిలోకి పిలవకుండా వచ్చి ఆ డబ్బా మీదే కూర్చునేవాడట.

"కాప్టెనా?" అన్నాడు కత్తెరయ్య.

"అవును బాబాయ్. ఆయనకి వెనక బట్టతల. అది కనపడకుండా దువ్వేవాడు మీవాడు. అందుకని ఆయనకి వీడంటే ప్రాణం."

కత్తెరయ్య నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు.

"ఆ రోజు?" అని ఆవిడ అడిగింది.

"ముందురోజు సాయంత్రం నాకు కటింగు చేశాడమ్మా. నాదే ఆఖరు. వెలుగు తగ్గిపోయింది. మర్నాడు పొద్దున డ్యూటీకి దిగబోతూ నా మెడ వెనక చూసి, 'గీత వంకరపోయిందిరా నిచ్చెనా, పైకొచ్చాక సరిచేస్తా' అన్నాడు. గంటన్నర తర్వాత టార్పెడో తగిలింది. సరిగ్గా బాయిలర్ల వైపే. నేను పైన ఉన్నా. నీళ్ళలోకి విసిరేసినట్టయింది."

"భయపడ్డాడా?"

కుర్రాడు టీగ్లాసు కింద పెట్టాడు. "నాకు తెలీదమ్మా. మీకు అబద్ధం చెప్పలేను. కిందున్నవాళ్ళలో ఒక్కరూ పైకి రాలేదు. అంతా ఒక నిమిషంలో అయిపోయిందన్నారు. నిచ్చెన దిగేటప్పుడు మాత్రం... అంటే ఇనప నిచ్చెన, నేను కాదు... దిగేటప్పుడు ఈల వేసుకుంటూ దిగాడు. అది నేను విన్నా."

ఆవిడ తలూపింది. ఏదో చేతికి అందినట్టు ఆ మాటను పట్టుకుని కూర్చుంది.

కొంతసేపటికి కుర్రాడు, "బాబాయ్, ఇది సరిచేస్తారా?" అన్నాడు. "ఎల్లుండి పెద్ద డాక్టర్ల ముందు నిలబడాలి. ఈ జుట్టుతో పోతే వాళ్ళే మిషను పెట్టి గొరిగేస్తారు."

"వద్దు," అంది ఆవిడ చప్పున. తర్వాత ఆవిడే సిగ్గుపడ్డట్టు నవ్వింది. "వద్దంటే మాత్రం ఆగుతుందా? అది పెరిగే జుట్టాయె. చెయ్యవయ్యా."

కత్తెరయ్య చేతులు కడుక్కుని వచ్చి ముందుగా మెడ వెనక గీత చూశాడు. నిజంగానే వంకర. వెలుగు లేక కాదు, ఓడ ఊగి ఉంటుంది. దాన్ని సరిచేశాడు. చెవి వెనక మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దువ్వెన పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి ఊపిరి బిగబట్టి కత్తిరించాడు. అరగంటలో అయ్యే పనికి గంటంబావు పట్టింది. తెగిన జుట్టును ఎప్పుడూ ఆయనే ఊడుస్తాడు. ఆ రోజు ఆవిడ చీపురు అందుకుంది. ఆ జుట్టు కొడుకుది కాదని ఆవిడకూ తెలుసు. అయినా చెత్తబుట్టలో పడేసేముందు కాసేపు చేటలో పెట్టుకుని చూసింది.

వెళ్ళబోతూ కుర్రాడు గుమ్మంలో ఆగాడు. "వార్డులో నేను కాక ఇంకా ఎనిమిది మంది ఉన్నారు బాబాయ్, ఆ ఓడవాళ్ళే. అందరివీ మీవాడు చేసిన తలలే. కుదిరితే..."

"ఆదివారం మాకు సెలవు," అంది ఆవిడ.

కుర్రాడి కర్ర చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. తర్వాత ఆవిడ బల్ల మీద కూర్చుని, మొగుడి వైపు చూడకుండా, "నీకో సంగతి చెప్పాలి," అంది.

"చెప్పు."

"పంతొమ్మిది నిండకపోతే నేవీలో ఇంట్లోవాళ్ళ సంతకం లేందే చేర్చుకోరు. ఆ సంతకం నేను పెట్టాను."

కత్తెరయ్య తల తిప్పి చూశాడు. వాడు వయసు ఎక్కువ చెప్పి చేరాడనే ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"నాతో ఒక్క మాట అనలేదే!"

"అంటే పెట్టనిచ్చేవాడివా?"

"మరి వాడు? వాడైనా నన్ను అడగొచ్చుగా? తండ్రినేగా? ఊళ్ళోవాణ్ణి కాదుగా?" ఏడు వారాలుగా లేని కోపం ఒక్కసారిగా ఎక్కడినుంచో తన్నుకొచ్చింది. అద్దం ముందు సీసాలు అదిరేలా బల్ల మీద చేత్తో కొట్టాడు.

ఆవిడ అదిరిపడలేదు. "నేనూ అదే అన్నా. నాన్ననడగరా అన్నా. 'నాన్న కాదంటే నేను వెళ్ళలేనమ్మా, అందుకే అడగను' అన్నాడు."

కత్తెరయ్య కుర్చీలో కూలబడ్డాడు. గిరాకీలు కూర్చునే కుర్చీ. ఎదురుగా అద్దంలో సగం జుట్టు తెల్లబడ్డ మనిషొకడు ఆయన్నే చూస్తున్నాడు.

"నా మాటకి పోయాడనుకున్నా. ఆ రోజు అన్న మాటకి."

"నీ మాటలకి పోయేవాడైతే పదేళ్ళకే పోయేవాడు. ఆరో ఏట నుంచీ వాడికి ఓడల పిచ్చి. పక్క మీద దుప్పటి కట్టి తెరచాప అనేవాడు, మర్చిపోయావా?"

"ఈ ముక్క ఇన్నాళ్ళూ నాకు చెప్పొచ్చుగా? రోజూ చస్తున్నానే నేను!"

"చెబితే సంతకం సంగతి చెప్పాలిగా," అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది. వార్త వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు. కత్తెరయ్య ఆవిడ పక్కకొచ్చి కూర్చున్నాడు. ఓదార్చడం చేతకాక ఆవిడ మెడలోని టేపును చుట్టలు చుట్టి విప్పి, చుట్టి విప్పి కూర్చున్నాడు.

ఆదివారం రెండు బస్సులు మారి ఆస్పత్రికి వెళ్ళారు. కత్తెరయ్య చేతిలో పనిముట్ల సంచి. ఆవిడ చేతిలో ఎనిమిది చొక్కాలు. చొక్కాల కంపెనీ వాళ్ళ దగ్గర మచ్చపడ్డవి అడిగి తెచ్చి, మచ్చ కనపడకుండా జేబులు కుట్టింది.

వార్డు గుమ్మంలో పెద్ద నర్సు అడ్డుపడింది. "మా మంగలి మాకున్నాడు. బుధవారం బుధవారం వస్తాడు."

"ఆయనొస్తే మేం నిద్ర నటిస్తాం సిస్టర్!" అని లోపల్నుంచి ఎవరో అరిచారు.

నర్సుకు నవ్వొచ్చింది గానీ దాచుకుంది. "గంట. అంతే. ఒక్క వెంట్రుక నేల మీద కనిపించకూడదు."

ఇనప మంచాలు, ఫినాయిలు వాసన, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ. ఇద్దరి తలలు గాయాల వల్ల అప్పటికే గుండ్లయ్యాయి. మిగతా ఆరుగురి జుట్టు పెరిగి ఉంది. నిచ్చెన ఒక స్టూలు తెచ్చి వేశాడు. మొదటివాడు కూర్చున్నాడు. కత్తెరయ్య గుడ్డ కట్టి, దువ్వెన తీసి, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ అన్నాడు:

"తల దించు నాయనా. లోకం ఎక్కడికీ పారిపోదు."

వార్డంతా గొల్లున నవ్వింది. పొట్టకు కుట్లు ఉన్నవాడు కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. కత్తెరయ్యకు ఏమీ అర్థం కాలేదు. తప్పు మాటేమైనా దొర్లిందా అని పెళ్ళాం వంక చూశాడు.

"తర్వాతది కూడా అనండి బాబాయ్!" అన్నాడు స్టూలు మీదివాడు.

"ఏది?"

"చెవి కదిపావో, పూచీ నీదే!" అని నాలుగు మంచాల మీంచి ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత నలుగురూ ఒక్కసారే చిన్నగా దగ్గారు.

కత్తెరయ్య దువ్వెన దించేశాడు. అచ్చం ఆయన గొంతే. ఆయన సాగదీతే.

"మీవాడు అలాగే అనేవాడు బాబాయ్. కత్తెర పట్టగానే మీలా నడుము మీద చెయ్యి పెట్టి, దగ్గి, ఇవే మాటలు. మా నాన్న ఇలా అంటాడు, మా నాన్న అలా అంటాడు. మిమ్మల్ని చూడకపోయినా మీ మాటలన్నీ మాకు కంఠతా వచ్చు."

"నేను దగ్గుతానా?" అని కత్తెరయ్య పెళ్ళాన్ని అడిగాడు.

"దగ్గుతావు," అంది ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూ.

ఇక ఆయన నోరు ఆగలేదు. ఎవరి ఊరేది, ఎవరి అన్నదమ్ములెందరు, ఎవరికి పెళ్ళిచూపులు అయ్యాయి, అన్నీ లాగాడు. ఆవిడ మంచం మంచానికీ చొక్కా ఇస్తూ చిన్నాడి గురించి అడిగింది. వాడు పేకాటలో దొంగాట ఆడేవాడని ఒకడన్నాడు. ఉడికించిన గుడ్డు ముట్టేవాడు కాదని, దాన్ని తాను తినేవాణ్ణని ఇంకొకడన్నాడు. "ఇంట్లోనూ అంతే," అంది ఆవిడ, ఆ గుడ్డు సంగతి తనకు ముందే తెలిసినందుకు గర్వంగా.

గంట ఎప్పుడో అయిపోయింది. నర్సు వచ్చి చూసి, చూడనట్టు పోయింది. చివరి మంచం మీద అందరికంటే చిన్నవాడు మిగిలాడు. కళ్ళకు కట్టు ఉంది. నూనె మంటలు ముఖానికి తగిలాయట. వారం తర్వాత కట్టు విప్పుతారట. చూపు ఉన్నదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది.

"బాబాయ్," అన్నాడు వాడు నెమ్మదిగా. "నాకూ ఆ ముందురోజే చేశాడు. 'పొద్దున అద్దంలో చూసుకోరా, పెళ్ళికొడుకులా ఉన్నావు' అన్నాడు. చూసుకోవడం కుదర్లేదు. ఎలా చేశాడు? బాగుందా?"

పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూశారు.

కత్తెరయ్య వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాడు. వాడి తలను రెండు చేతుల మధ్యా పట్టుకుని వెలుగు వైపు తిప్పాడు. నుదుటి దగ్గర, చెంపల దగ్గర, నడినెత్తిన, చెవుల వెనక దువ్వెన పెట్టి చూశాడు. పరీక్ష పెట్టిన గురువులా, తొందర లేకుండా, ఎక్కడైనా తప్పు దొరికితే చెప్పేసేవాడిలా చూశాడు. వెంట్రుక వెంట్రుకా వాలుగా, ఒరుసుకుని ఉంది. చెవుల వెనక మూడు మెట్లూ తీరుగా పడ్డాయి.

"బాగుంది," అన్నాడు. "నీకోసం చెప్పట్లేదు. నిజంగానే బాగుంది. నడినెత్తిన ఆ సుడి ఉంది చూడు, దాన్ని అణచడం నాకూ రాదు. వాడు అణిచాడు. ఇంతకంటే బాగా నేను చెయ్యలేను."

"అయితే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యను. పెరిగినంత మేర తీస్తా. వాడు గీసిన గీత దగ్గర ఆగుతా."

ఎడమచెవి నుంచి మొదలుపెట్టడం కత్తెరయ్యకు పని నేర్చిననాటి నుంచీ అలవాటు. ఆ రోజు స్టూలుకు అటు పక్కకి వెళ్ళి, చిన్నాడు మొదలుపెట్టినట్టు కుడిచెవి నుంచి మొదలుపెట్టాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని గుడ్డ కింద ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత వార్డు ఖాళీ అయ్యేదాకా ప్రతి ఆదివారం వాళ్ళు వెళ్ళారు. కళ్ళకు కట్టున్న కుర్రాడికి ఒక కంటికి చూపు వచ్చింది, రెండోదానికి రాలేదు. కట్టు విప్పిన మర్నాడు ఆవిడ తన చేతిసంచిలోని చిన్న అద్దం వాడి ముందు పట్టింది. వాడు తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

"నా చెవులు ఇంత పెద్దవని మీవాడు ఎప్పుడూ చెప్పలేదమ్మా," అన్నాడు.

"వాడికి మర్యాద ఎక్కువ," అన్నాడు కత్తెరయ్య, తువ్వాలు దులుపుతూ.